సైడు కాలవ వేలంపాట

మైకులు ఇంకా మా పేట దాకా రాని రోజులవి. నయాపైసలు చేతికి అలవాటవుతున్నా నోటికి మాత్రం అణాలే వచ్చేవి. ఆ కాలంలో దేవుడు నాకు చదువు కొంచెం తక్కువిచ్చి, ఆ లోటు పూడ్చడానికా అన్నట్టు గొంతు మాత్రం కొలత లేకుండా ఇచ్చాడు. ఆ గొంతు మీదే నాకు ఉద్యోగం దొరికింది. నెల్లూరు బస్టాండులో ఒక ప్రైవేటు బస్సుల కంపెనీ తరఫున నిలబడి "వెంకటాచలం, మనుబోలు, గూడూరూ... గూడూరు గూడూరు గూడూరూ..." అని కేకలేసి జనాన్ని ఎక్కించడం నా పని. నేను కేకేస్తే గూడూరుతో పనిలేని వాళ్ళు కూడా బస్సు వైపు ఒక అడుగు వేసేవాళ్ళని మా కండక్టరు అనేవాడు. (అది పొగడ్తో ఎగతాళో ఇప్పటికీ తేల్చుకోలేదు. అప్పట్లో మాత్రం పొగడ్తనే అనుకున్నాను.) అదే గొంతు ఆదివారం మా చర్చి మందిరంలో ఎవరికీ పనికిరాలేదు. పాటల బృందం నడిపే అక్క నన్ను చివరి వరసలో నిలబెట్టి, "నువ్వు పెదాలు కదిలించు చాలు తమ్ముడూ, మనసులో పాడింది కూడా దేవుడు వింటాడు" అని ఎంతో ప్రేమగా చెప్పింది.

ఏడాదిలో ఒక్కరోజు మాత్రం మందిరం ఆవరణంతా నా గొంతుదే. అది కోత పండుగ రోజు. ఎండాకాలంలో వేసే ఎడగారు పంట ఇళ్ళకు చేరాక, ఎవరికి కలిగింది వాళ్ళు తెచ్చి దేవుడి ముందు పెట్టేవాళ్ళు. మొలగొలుకుల బియ్యం, గూడూరు నిమ్మకాయలు, కాళ్ళు కట్టిన కోడిపుంజులు, వాకాడు చుట్టాలు పంపిన ఎండు చేపలు (అయ్యగారి ప్రసంగం ఎంత పొడుగో ఆ చేపల వాసన అంత పొడుగు), అన్నీ బలిపీఠం ముందు కుప్పపడేవి. ఆరాధన అయ్యాక వాటిని ఆవరణలో వేలం వేస్తారు. పాట పాడించేది నేను. ఆ వేలంలో మా సంఘానికి ఒక ఆచారం ఉంది. ఒక గుమ్మడికాయను పాడి గెలిచినవాడు డబ్బు మందిరానికి కట్టి, కాయను ఇంటికి పట్టుకుపోడు. "నా పాట వెనక్కి ఇస్తున్నా, మళ్ళీ పాడించు" అంటాడు. కాయ మళ్ళీ బల్ల మీదికొస్తుంది, ఇంకొకడు గెలుస్తాడు, వాడూ వెనక్కిస్తాడు. అలా ఒకే గుమ్మడికాయ చేతులు మారీ మారీ సాయంత్రానికి నున్నబడిపోయేది. మొదటి పాటకే కాయను చంకనేసుకుని పోయినవాడిని ఆ ఏడంతా కాస్త జాలిగా చూసేవాళ్ళు.

ఇక మా అత్త సంగతి. మా నాన్నకు అక్క. పేటంతా "నర్సమ్మ" అనే పిలిచేది. ఆస్పత్రి ఉద్యోగం చాలించాక కూడా, ఏ వీధిలో కాన్పు అన్నా తోలుసంచి పట్టుకుని బయల్దేరేది. ఓటు హక్కొచ్చిన కుర్రాళ్ళలో చాలామందిని ఈ లోకంలోకి లాగింది ఆమే. నేను చెప్పబోయే ఎలక్షనుకు ముందటేడు వానల్లో మా పేటంతా చెరువైంది. ఇళ్ళ వెనక పారే సైడు కాలవ ఏళ్ళ తరబడి పూడిపోయి ఉండడంతో నీళ్ళు పోయే దారి లేక ఇళ్ళలోకి వచ్చాయి. రైసుమిల్లు కూలీల గుడిసెల్లో ఒక పిల్లకు నొప్పులొస్తే, అత్త సంచి నెత్తిన పెట్టుకుని రొమ్ము లోతు నీళ్ళలో నడిచి పోయింది. చేరేసరికి ఆలస్యమైంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. అత్త ఇంటికొచ్చి తడిచీరతోనే మోకాళ్ళ మీద ఉండిపోయింది. లేచాక ఒక్క మాటంది: "వచ్చే వానలకు ఆ కాలవ పారాల." మునిసిపాలిటీ ఆఫీసు చుట్టూ ఎంత తిరిగినా "చూద్దామమ్మా" అన్నారేగానీ చూసిన వాళ్ళు లేరు. అంతలో కౌన్సిలు ఎన్నికలొచ్చాయి. అత్త నామినేషను వేసింది.

ఆమెకు నిచ్చెన గుర్తు వచ్చింది. మా సంఘం ఆడవాళ్ళు పొంగిపోయారు, నిచ్చెన అంటే బైబిల్లో దూతలు ఎక్కి దిగేది కదా అని. జట్కా వీధి వాళ్ళు కూడా మెచ్చుకున్నారు, సున్నాలేసుకోడానికి పనికొస్తుందని. ఎదుటి అభ్యర్థి రైసుమిల్లు యజమాని, అందరూ "మిల్లాయన" అనేవాళ్ళు. తెల్లటి పంచె, నల్లటి గొడుగు, నవ్వు మొహం. ఆయన ఇవ్వని మాట లేదు. కొళాయిలు, దీపాలు, రోడ్లు, పార్కు, ఆ పార్కులో బల్లలు కూడా. మా అత్త పద్ధతి వేరు. "మాటంటే ఒకటే ఉండాలని వాక్యం చెప్పింది. నేనొక్కదాన్ని కౌన్సిలుకు పోయి మొదట చేయించగలిగేది ఒక్క పని. ఆ ఒక్కటే చెబుతా" అనేది. నేను తల పట్టుకునేవాణ్ణి. "అత్తా, ఎలక్షనుకు పోయే మనిషి ఒక్క పనే చేస్తానంటే ఎట్టా?" అంటే, "నువ్వు గూడూరు బస్సుకు గూడూరని అరుస్తావా, కాశీ అని అరుస్తావా?" అనేది.

చిక్కేమిటంటే, ఆ ఒక్క పని ఏదన్న దగ్గర పేట నాలుగు ముక్కలైంది. పెద్ద వీధిలో ఇడ్లీలమ్మే అక్క, ఆమె వెనక బిందెలు మోసే ఆడవాళ్ళు, కొళాయి అన్నారు. జట్కా వీధిలో మీసాల సాయిబన్న, ఆయన వెనక బండివాళ్ళు, వీధి దీపం అన్నారు. మా సంఘం పెద్దలు సమాధుల తోటకు మట్టి దారి వేయాలన్నారు. వాళ్ళకు ముందున్నది మా ఆమేన్ తాత. (ప్రసంగంలో అయ్యగారు ఊపిరి తీసుకోడానికి ఆగినా ఆయన "ఆమేన్" అనేవాడు. దాంతో ప్రసంగం అయిపోయిందనుకుని లేచిన వాళ్ళూ ఉన్నారు.) వానల్లో శవపెట్టెను నీళ్ళలో మోసుకుపోవడం తాతకు తెలుసు. రెండేళ్ళ కింద ఆయన భార్యను, మా అవ్వను, అలాగే మోశారు. అత్త మనసులో ఉన్న కాలవకు మాత్రం ఎవరూ లేరు. అది అన్ని వీధులకూ వెనకవైపు పారేది, అందుకే ఏ వీధిదీ కాదు. అత్త ఏది చెప్పినా మిగతా వాళ్ళ ఓట్లు మిల్లాయనకు పోతాయి. వానలకు ఇంక నెల కూడా లేదు.

కోత పండుగ సాయంత్రమే అత్త మీటింగు పెట్టింది. "ఆవరణలో ఓట్ల మాట వద్దమ్మా" అని అయ్యగారు అనడంతో, గేటు బయట జట్కా స్టాండు దగ్గర పెట్టాం. పొద్దుటి నుంచి వేలం పాడించి పాడించి నా గొంతు వేడి మీద ఉంది. జేబులో, వారం రోజులుగా రాసుకున్న ఉపన్యాసం ఉంది. "ప్రియ పౌర మహాశయులారా" అని మొదలవుతుంది. అటు తర్వాతి మాటల్లో సగానికి నాకే అర్థం తెలియదు. జనం బాగానే వచ్చారు. వెనక సోడా బండి దగ్గర మిల్లాయన మనుషులు కూడా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

అత్త జట్కా మెట్టు మీద నిలబడి సూటిగా చెప్పేసింది. "కొళాయి, దీపం, సమాధుల దారి, కాలవ. నాలుగూ కావాల్సినవే. మొదట ఏది కావాల్నో మీరే తేల్చండి. తేల్చినాక అదే నా మాట."

"కొళాయి!" అని ఇడ్లీల అక్క లేచింది. "మా వీధి ఓట్లన్నీ నీకే నర్సమ్మా. యాభైకి తగ్గవు!"

ఇక్కడే నా గొంతు నన్ను అడక్కుండా తన పని తాను చేసుకుపోయింది. "యాభై! కొళాయికి యాభై ఒకటోసారి!" అని అరిచేశాను.

జనం ఘొల్లుమన్నారు. ఆ నవ్వులోంచే సాయిబన్న చెయ్యెత్తాడు. "దీపానికి అరవై!"

"అరవై ఒకటోసారి..." అంటుండగా అత్త నా వైపు చూసింది. గూడూరు బస్సు పక్కనే ఉంటే ఎక్కి పారిపోయేవాణ్ణి.

"ఏందిరా అబ్బయా ఇది? ఓట్లు వేలమేసేదానికా నిన్ను పిలిచింది?"

"పొద్దుటి ఊపు అత్తా... ఆగలేదు" అన్నాను.

"ఆపొద్దు నర్సమ్మా, పాట బాగుండాది!" అని ఎవరో అరిచారు. "అవును, పాడించు పాడించు!" అని జనమంతా అందుకున్నారు. సోడా బండి దగ్గర నుంచి, "నర్సమ్మ కాన్పులు మానేసి కాయగూరలు పెట్టుకుంది రోయ్!" అని ఒక గొంతు లేచింది. అత్త ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. (ఆమె అలా కళ్ళు మూస్తే పైవాడితో మాట్లాడుతున్నట్టని మా ఇంట్లో అందరికీ తెలుసు. జవాబు కూడా వెంటనే వచ్చేది. అంత దగ్గర చుట్టరికం.) కళ్ళు తెరిచి అంది:

"సరే, పాట సాగనీ. ఓటు అమ్మే సరుకు కాదు, ఓట్లు పాడొద్దు. పారలు పాడండి. ఏ పనికి ఎన్ని పారలు, ఎన్ని తట్టలు, ఎంతమంది మనుషులొస్తారో పాడండి. ఎక్కువ చేతులు లేచిన పనే నా మొదటి పని. మీ చేతులతో మొదలుపెడితే కౌన్సిలు చేత నేను ముగింపు పెట్టిస్తా."

"కొళాయికి పారలెందుకమ్మా?" అంది ఇడ్లీల అక్క.

"గొట్టం పూడ్చేదానికి గుంత ఎవరు తవ్వాల? దూతలా?"

"అట్టయితే మా వీధి నుంచి పది పారలు!"

"పది! ఒకటోసారి!" నేను మళ్ళీ మనిషినయ్యాను. సాయిబన్న పదిహేను అన్నాడు. అక్క పద్దెనిమిది అంది, పక్కనున్న మొగుడు "పద్దెనిమిది మంది యాడుండారే మన వీధిలో?" అంటే "నువ్వు ఇద్దరి పని చెయ్యి" అంది. సాయిబన్న గుర్రాన్ని కూడా కలిపి ఇరవై అన్నాడు. అప్పుడు మా ఆమేన్ తాత చేతికర్ర పైకెత్తాడు.

"సంఘంలో మగాళ్ళంతా. సమాధుల దారికి."

సంఘంలో మగాళ్ళను ఎవరూ అడగలేదు. నలభై మందికి పైగా ఉన్న మేము ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం, కానీ తాత అన్నాక కాదనే ధైర్యం ఎవరికీ లేదు. "నలభై!" అన్నాను నీరసంగా. "ఒకటోసారి... రెండోసారి..." సాయిబన్న వైపు చూశాను, ఆయన తల అడ్డంగా తిప్పాడు. అక్క వైపు చూశాను, ఆమె మొగుడు చేతులు జోడించాడు. కాలవ పేరు ఒక్కరూ ఎత్తలేదు. అత్త కాలవ వైపు ఒకసారి చూసింది. కానీ మాట ఇచ్చేసింది, వెనక్కి తీసుకునే మనిషి కాదు. "మూడోసారి!" అన్నాను.

సమాధుల దారి గెలిచింది. సోడా బండి దగ్గర పకపకలు మొదలయ్యాయి. "చచ్చినోళ్ళ ఓట్లతో గెలవాల ఇంక నర్సమ్మ!" అన్నాడొకడు. సాయిబన్న మనుషులు ఇంటి దారి పట్టబోయారు. వాళ్ళు పోతే ఆ ఓట్లూ పోయినట్టే. నేనైతే మిల్లాయన మెడలో దండ కూడా ఊహించేసుకున్నాను.

అప్పుడు తాత కర్ర ఆనించుకుని లేచాడు. ఆయన ఆమేన్ కాకుండా ఇంకో మాట పైకి అనడం నేను విన్నది అరుదు. "మా ఇంటిదాన్ని ఆ నీళ్ళలో మోసుకుపోయినా" అన్నాడు. "గుండె కాలిపోయింది. అందుకే దారి పాడినా. కానీ ఆమె ఇప్పుడు ప్రభువు దగ్గరుండాది, ఏ వానకూ తడవదు. ఈ వానలకు తడిసేది పుట్టబోయే బిడ్డలు." అత్త వైపు తిరిగాడు. "వచ్చేవాళ్ళ దారి ముందు చూడమ్మా. పోయేవాళ్ళం ఆగుతాం." తర్వాత నా వైపు కర్ర చూపించాడు. "నా పాట వెనక్కి ఇస్తున్నా అబ్బయా. మళ్ళీ పాడించు. కాలవకు పెట్టు."

మా వాళ్ళంతా అలవాటు కొద్దీ "ఆమేన్" అన్నారు. ఆ రోజు ఆయన అనలేదు, మేమన్నాం.

సాయిబన్నకు ఏమీ అర్థం కాలేదు. "ఇదేం పాట? గెలిచినోడు వెనక్కిస్తాడా?" అన్నాడు. "మా కోత పండుగలో అంతే అన్నా, గెలిచి వెనక్కివ్వడమే గొప్ప" అన్నాను. ఆయన మీసం ఒకసారి లాక్కున్నాడు. అటూ ఇటూ చూశాడు. "అట్టయితే జట్కా వీధి తక్కువ తినిందా? మా ఇరవై కూడా కాలవకే రాసుకో. దీపం తర్వాత చూసుకుందాం, మా గుర్రానికి చీకట్లో కూడా దారి తెలుసు." ఇక ఇడ్లీల అక్క ఆగుతుందా? "బిందె మోసే నడుం ఇంకో ఏడు మోస్తుందిలే. పారలూ మావే, పనోళ్ళకు ఇడ్లీలూ నావే!" ఆమె మొగుడు కూర్చుండిపోయాడు.

నేను గుండె నిండా గాలి పీల్చుకున్నాను. "కాలవ! పేటంతా కలిసి పాడిన పాట! ఒకటోసారి... రెండోసారి..." అన్నానో లేదో మా ఆడవాళ్ళు స్తుతి పాట ఎత్తుకున్నారు. జట్కా వీధి చప్పట్లు అందుకుంది, గుర్రాలు సకిలించాయి. నా జీవితంలో మొదటిసారి నా గొంతు జనం గొంతు కింద పడి వినబడకుండా పోయింది. మూడోసారి అనడం కుదరనే లేదు. ప్రియ పౌర మహాశయులారా జేబులోనే చెమటకు నానిపోయింది.

మా దగ్గర పాట పాడితే చెల్లించాల్సిందే, దేవుడి ముందు పాడింది కదా. ఆ శనివారం తెల్లారేసరికి పారలతో, తట్టలతో పేటంతా ఇళ్ళ వెనక్కి వచ్చింది. ఇన్నేళ్ళూ వీధి ముందర పలకరించుకున్న వాళ్ళం, వెనకవైపు నుంచి ఒకళ్ళనొకళ్ళు చూసుకోవడం అదే మొదలు. మిల్లాయన కబురంపాడేమో, మధ్యాహ్నానికి మునిసిపల్ ఓవర్సీరు సైకిలు మీద వచ్చాడు. "ఎవరి పర్మిషనుతో తవ్వుతుండారు?" అని గద్దించాడు. అత్త తెల్లచీర మోకాళ్ళ దాకా దోపుకుని బురదలో నిలబడి ఉంది. "తవ్వడం లేదు బాబూ, వెతుకుతుండాం. మీ ఆఫీసు కాగితాల్లో ఇక్కడ కాలవ ఉందని చెప్పినారు. దొరికితే మీకే అప్పజెబుతాం" అంది. ఆయన నవ్వాపుకోడానికి మీసం దువ్వుకున్నాడు. "అట్టయితే జాగ్రత్తగా వెతకండమ్మా" అని ఇడ్లీల అక్క పక్కన చెట్టు నీడన కూర్చున్నాడు, పొట్లం విప్పుకుని. సాయంత్రం నా పారకు ఠంగుమని రాయి తగిలింది. పాత కాలవ గోడ! నిజంగానే ఉంది! గుప్తనిధి దొరికినట్టు అందరం కేకలేశాం. (నా కేక బస్టాండు దాకా వినబడిందని మా కండక్టరు తర్వాత చెప్పాడు. ఈసారి అది పొగడ్తే.)

తవ్వుకుంటూ పోతే కాలవ మిల్లు గోడ వెనక్కి వచ్చింది. అక్కడ పూడిక అంతా ఊక, బూడిదే. మేం అక్కడికి చేరేసరికి, గోడ అవతల నుంచి ఒక మనిషి పారతో దూకాడు. ముందటేడు బిడ్డను పోగొట్టుకున్న తండ్రి. వంగి తవ్వడం మొదలుపెట్టాడు. అతని వెనక మిల్లు కూలీలు ఒక్కొక్కరే దూకారు. మిల్లాయన అరుగు మీద గొడుగు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

ఓట్లకు ముందు వారమే వాన పట్టుకుంది. సముద్రం వైపు నుంచి మబ్బులు దిగి రెండు రోజులు వదల్లేదు. మేమంతా గొడుగులేసుకుని, గోనెపట్టాలు కప్పుకుని కాలవ గట్టున నిలబడి, పెళ్ళి ఊరేగింపు చూసినట్టు నీళ్ళను చూశాం. ఎర్రటి నీళ్ళు పొర్లుకుంటూ, ఊకను తోసుకుంటూ, గలగలమని పారిపోయాయి. ఏ ఇంటి గడపా తడవలేదు. ఆ వానలోనే సాయిబన్న కూతురికి నొప్పులొచ్చాయి. అత్త సంచి చేత్తో పట్టుకుని (నెత్తిన కాదు, చేత్తో), కాళ్ళకు చెప్పులేసుకుని నడిచి పోయింది. తిరిగొచ్చి చెప్పులు నాకు చూపించింది. "చూడరా అబ్బయా, అడుగు మాత్రమే తడిసింది. ఆడపిల్ల. గొంతు నీ గొంతే." ఆమె కళ్ళలో నీళ్ళు చూడడం అదే మొదలు, అదే ఆఖరు.

గెలుపు సంగతి వేరే చెప్పాలా? నిచ్చెన గుర్తు మీద ఓట్లు అంచెలంచెలుగా ఎక్కేశాయి. లెక్క చెప్పిన రోజు మిల్లాయనే స్వయంగా దండ తెచ్చాడు. "నర్సమ్మా, ఈ ఏడు నా గోదాములో ఒక్క బస్తా తడవలేదు. మా ఇంటామె ఓటు ఎవరికేసిందో అడిగినా. అన్నం పెట్టడం మానేసింది" అన్నాడు. అత్త పడీ పడీ నవ్వింది. తర్వాత ఆమేన్ తాత కృతజ్ఞతా ప్రార్థన చేశాడు. సాయిబన్న, మిల్లాయన, ఓవర్సీరుతో సహా అందరూ తల వంచుకుని నిలబడ్డారు. అన్నేళ్ళూ ఒక్క మాటతో సరిపెట్టుకున్న మనిషి ఆ రోజు దాచుకున్న మాటలన్నీ తీశాడు. ఆమేన్ వచ్చేసరికి దండలో పూలు వాడిపోయాయి.

మొదటి కౌన్సిలు మీటింగులో ఛైర్మను, "మీ వార్డులో మొదట కావాల్సింది ఏంటమ్మా?" అని అడిగితే, అత్త, "అది అయిపోయింది. రెండోది రాసుకోండి" అందట. కొళాయి వచ్చింది, తర్వాత దీపం వచ్చింది. సమాధుల తోట దారి అన్నిటికన్నా ఆఖరున వచ్చింది. ఆ దారిలో మొదట పోయింది మా ఆమేన్ తాతే. మోసిన వాళ్ళలో నేనొకణ్ణి, సాయిబన్న ఒకడు. వానలు పడే రోజులే, అయినా కాళ్ళకు తడి అంటలేదు.

ఇప్పుడు ఆ కాలవ మీద సిమెంటు పలకలు పరిచారు, వాటి మీద స్కూటర్లు పోతున్నాయి. కోత పండుగకు మైకు వచ్చింది. నా గొంతు ఎటు పోయిందో తెలియదు, పక్క గదిలో ఉన్న మనవరాలికి కూడా వినబడదు. మొన్న వానకు ఇంటికొస్తూ ఆ పలకల మీద ఆగాను. కింద నీళ్ళు పోతున్న చప్పుడు వచ్చింది, అదే గలగల. నా అప్పు ఒకటి ఇంకా మిగిలి ఉందని గుర్తొచ్చింది. అటూ ఇటూ చూసి, ఎవరూ లేరని తేల్చుకుని, గుండె నిండా గాలి పీల్చుకుని, "కాలవ... మూడోసారి!" అన్నాను. వచ్చింది గుసగుస మాత్రమే, నాకే సరిగా వినబడలేదు. అయినా ఫరవాలేదు. పెదాలు కదిలిస్తే చాలని ఆ అక్క ఎప్పుడో చెప్పింది కదా.